చిన్నీ థీసిస్‌కు పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు వంగిపోయే జబ్బు) మీద ఇన్నేళ్లలో వచ్చిన పరిశోధనల తీరు ఎలా మారిందో నువ్వు థీసిస్ చేస్తున్నావని మీ అమ్మ రాత్రి ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి భయం కూడా పట్టుకుంది.

వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో ఏ మాటలతో, ఏ తేదీన వెతికావో ఆ రోజే రాసిపెట్టుకో. అలాంటిదే అయిన స్కోపస్‌లో కూడా తీస్తే ఒకే పేపర్ రెండుసార్లు లెక్కలోకి రాకుండా చూసుకో. వెన్ను వంపులను రకాలుగా విడదీసిన 2001 నాటి లెంకే వర్గీకరణ పేపర్‌ను ఎంతమంది ఉదహరించారో ఆ లెక్కను (సైటేషన్లను) మొన్న వచ్చిన పేపర్‌తో పోల్చకు. ఇవన్నీ మీ గైడ్ చెప్తారు.

ఇది మాత్రం నేనే చెప్పాలి. 1998లో తిరుపతిలో పనిచేసేటప్పుడు, వంపు ముదరకుండా ఒంటికి బిగించే పట్టీ, అదే బ్రేస్, పనిచేస్తుందో లేదో తేల్చుకోవాలనుకున్నా. సెలవురోజుల్లో లైబ్రరీలో వైద్య పేపర్ల జాబితా అయిన ఇండెక్స్ మెడికస్ సంపుటాలు తిరగేసి, నోట్‌బుక్‌లో ఎడమవైపు 'పనిచేస్తుంది', కుడివైపు 'పనిచేయదు' అని రాసుకుని, ఒక్కో పేపర్‌కు ఒక్కో గీత గీశా. రెండువైపులా ఇంచుమించు సమానంగా వచ్చాయి. దాంతో బ్రేస్‌తో ఒరిగేదేమీ లేదనుకున్నా. 1995లోనే నాచెమ్సన్, పీటర్సన్ 286 మంది ఆడపిల్లలను ఏళ్లతరబడి గమనించి, బ్రేస్ వేసినవాళ్లలో 74 శాతం మందికి, ఏ చికిత్సా లేకుండా గమనించినవాళ్లలో 34 శాతం మందికే వంపు ముదరలేదని రాశారు. దానికీ ఒక్క గీతే గీశా. పాత కేసు షీట్లు పది తిరగేసి రాసిన పేపర్‌కూ ఒక్క గీతే.

ఆ నెలలోనే పలమనేరు వైపు నుంచి ఒకమ్మ పదమూడేళ్ల కూతురిని తీసుకొచ్చింది. ముందుకు వంగమంటే కుడివైపు పక్కటెముకలు పైకి లేచాయి. ఎక్స్‌రేలో వంపును కొలిచే కాబ్ కోణం 28 డిగ్రీలు. భుజాలు సమానంగా కనపడాలని యూనిఫాం లోపల ఎడమ భుజం దగ్గర ఆ తల్లి గుడ్డ మడిచి కుట్టింది. ఆ తెల్లదారం కుట్లు నాకిప్పటికీ కళ్లకు కడతాయి. "బ్రేస్ అక్కర్లేదమ్మా, ఆర్నెల్లకోసారి చూపించండి" అన్నా. రెండేళ్లకు 52 డిగ్రీలైంది. ఆపరేషన్‌కు మద్రాసు పంపాం. ఆ తల్లి నన్నొక్క మాట అనలేదు.

2013లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో, బ్రేస్ మీద అమెరికా, కెనడాల్లో చేసిన ట్రయల్ ఫలితాలొచ్చాయి. వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఎదుగుదల ముగిసినవాళ్లు బ్రేస్‌తో 72 శాతం, లేకుండా 48 శాతం. ఎక్కువ గంటలు వేసుకున్నవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ను ముందే ఆపేశారు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఆ పాపకు బ్రేస్ వేసినా వంపు ఆగేదో లేదో. ఆ అవకాశం ఇవ్వనిది మాత్రం నేనే.

అందుకే ప్రతి పేపర్ పక్కన ఇంకో గడి పెట్టు: ఎంతమందిని, ఎన్నాళ్లు, ఎలా చూశారు. పని రెండింతలవుతుంది. గైడ్ వద్దన్నా పెట్టు. ఏప్రిల్ ఎండలో బ్రేస్ బిగించుకుని బడికెళ్లే పిల్ల ఏమనుకుంటుందో అడిగిన పేపర్లెన్ని ఉన్నాయో విడిగా లెక్కపెట్టు.

రాత్రి రెండింటిదాకా లాప్‌టాప్ ముందేనట! తిండి మానేస్తే ఊరుకోను. ఆదివారం చిత్తూరు రా. ఆ నోట్‌బుక్ బీరువాలోనే ఉంది, నీకిస్తా.

మీ పెద్దమ్మ