ఫాదర్ ఫెర్రర్ మతం మార్చడానికే అనంతపురం వచ్చారా? మా కాలనీలో నేను చూసింది

"విన్సెంట్ ఫెర్రర్ క్యాథలిక్ మిషనరీ కదా, మతం మార్చడానికే అనంతపురం వచ్చారా? ఆ జిల్లావాళ్లు ఎవరైనా చెప్పండి" అని అడిగారు. నాది బత్తలపల్లి పక్కన ఒక ఊరి ఎస్సీ కాలనీ. మేముండే ఇల్లు ఫెర్రర్ పెట్టిన సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కట్టించిందే, నా చదువు సాగింది కూడా వాళ్ల ఆసరాతోనే. కాబట్టి నా మాట కొంచెం ఆయన వైపే మొగ్గుతుంది. అది మనసులో పెట్టుకునే చదవండి.

మా కాలనీలో మతం మారమని ఆర్డీటీ వాళ్లెవరూ ఎవర్నీ అడగలేదు. మా అమ్మ ఇప్పటికీ కదిరి నరసింహస్వామి పటం పక్కన ఫాదర్ ఫోటో పెట్టుకుని రెండింటికీ కలిపి ఒకే ఊదుబత్తి తిప్పుతుంది. ఇల్లు కావాలనో, ఆసుపత్రిలో చూపించుకోవాలనో చర్చికి పోయినవాళ్లు నాకు తెలిసి లేరు. చర్చికి పోయే కుటుంబాలు మా దగ్గర ఉన్నాయి. వాళ్లు వేరే పాస్టర్ల వల్ల మారినవాళ్లు, దానికీ ఆర్డీటీకీ సంబంధం లేదు.

అలాగని ఆయన మిషనరీ కాదని నేను అనను. 1920లో బార్సిలోనాలో పుట్టారు. కుర్రతనంలోనే స్పెయిన్ అంతర్యుద్ధంలోకి లాగారు. 1938లో ఎబ్రో నది దగ్గర జరిగిన యుద్ధంలో ఉన్నారు, ఆయన పక్షం ఓడిపోయాక ఫ్రాన్స్‌లో నిర్బంధ శిబిరంలో ఉన్నారు. 1944లో యేసు సభలో, అంటే జెస్యూట్లు అనే క్యాథలిక్ గురువుల సంఘంలో చేరారు. 1952లో బొంబాయిలో దిగారు. గురుపట్టాభిషేకం, అంటే ఫాదర్ కావడం, ఆ తర్వాత, ఇండియాలోనే.

అసలు మలుపు మహారాష్ట్రలోని మన్మాడ్‌లో వచ్చింది. అది కూడా మా అనంతపురంలాగే నీళ్లు లేని నేల. ప్రార్థనలు చెప్పించి పంపించే బదులు ఆయన రైతులతో బావులు తవ్వించడం మొదలుపెట్టారు. బావి తవ్వినన్నాళ్లూ కూలికి పోవడానికి కుదరదు, మరి ఇంట్లో తిండి ఎట్లా? అందుకని పని సాగినంతకాలం గోధుమలు, నూనె ఇచ్చేవారు. అప్పు ఇస్తే వడ్డీ లేదు. ఊళ్లో వడ్డీ మీద బతికేవాళ్లకు ఇది ఎంత మంట పుట్టించి ఉంటుందో చెప్పక్కర్లేదు. పెద్ద భూస్వాములకూ, రాజకీయ నాయకులకూ నచ్చలేదు. చర్చి గురువుకు ఈ బావుల గొడవ ఎందుకని జెస్యూట్ సభలోని పెద్దలకు కూడా ఇబ్బందిగానే ఉండేది. చివరికి 1968లో దేశం విడిచి పొమ్మని ఆర్డరు వచ్చింది. దానికి వ్యతిరేకంగా మన్మాడ్ నుంచి బొంబాయి దాకా సుమారు 250 కిలోమీటర్లు 30,000 మంది రైతులు నడిచారని చెబుతారు. ఇందిరా గాంధీ కల్పించుకుని, ఆయన కొన్నాళ్లు విదేశానికి వెళ్లొస్తే మళ్లీ రానిస్తామని మధ్యేమార్గం చూపించారు. నన్నడిగితే, మతం మార్చినందుకు కాదు ఆయన్ను పంపించింది, పేదవాడి చేతికి నీళ్లు అందించినందుకు.

1969లో తిరిగొచ్చారు. మహారాష్ట్రకు పోయే వీలు లేదు, ఆంధ్రప్రదేశ్‌లో ఉండటానికి ఒప్పుకున్నారు. అట్లా అనంతపురం చేరారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా. 1970లో జెస్యూట్ సభ వదిలి, ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత్రికేయురాలు అన్నే పెర్రీని పెళ్లి చేసుకున్నారు. అంటే మేము చూసిన ఫెర్రర్ చర్చి లెక్క ప్రకారం గురువే కాదు. ముగ్గురు పిల్లల తండ్రి. మతం మార్చడానికే వచ్చిన మనిషి గురుత్వం వదులుకుని పెళ్లెందుకు చేసుకుంటాడో, ఆ ప్రచారం చేసేవాళ్లే చెప్పాలి.

ఇక మా ఇంటి సంగతి. అంతకుముందు మాది బోద కొట్టం. వాన పడిందంటే గిన్నెలన్నీ నేల మీదే ఉండేవి. ఆర్డీటీ ఇల్లు వచ్చినప్పుడు పునాది గుంతలు మా నాన్న, చిన్నాన్న తవ్వారు. ఇల్లు మా అమ్మ పేరు మీద రాశారు. అందరి ఇళ్లూ ఆడవాళ్ల పేరు మీదే. మా జేజికి ఇది అస్సలు మింగుడుపడలేదు, "మొగోడు బతికుండంగా ఆడదాని పేరునా?" అని కాలనీ అంతా తిరిగి చెప్పింది. తాగి వచ్చిన మొగుణ్ణి "ఇది నా ఇల్లు, బయట పండుకో" అన్న ఆడవాళ్లు తర్వాత మా వీధిలోనే తయారయ్యారు. నా లెక్కలో ఆ సంతకం ఇంటి కన్నా పెద్దది.

పిల్లలకు స్పెయిన్‌లో స్పాన్సర్లు ఉండేవాళ్లు. ఏటా ఉత్తరం రాయాలి, బొమ్మ వేయాలి. ఏం రాయాలో తెలియక అందరం "మా ఊళ్లో చెనక్కాయ పంట వేశారు, మీరు బాగున్నారా" అని రాసి నెమలి బొమ్మ వేసేవాళ్లం. ఆ స్పెయిన్ వాళ్లు మా జిల్లా నిండా నెమళ్లే అనుకుని ఉంటారు! మా తెలుగు ఉత్తరాలను అనంతపురంలో స్పానిష్‌లోకి మార్చి పంపేవాళ్లు. నా స్పాన్సరమ్మ ఎప్పుడూ దేవుడి గురించి రాయలేదు, కుక్కపిల్ల ఫోటో ఒకటి పంపింది.

ఫాదర్‌ను ఒక్కసారే చూశాను. సన్నగా, ముసలాయన. డప్పులు, దండల మధ్య ఏం మాట్లాడారో నాకు వినబడలేదు. 2009 జూన్ 19న అనంతపురంలో చనిపోయారు, బత్తలపల్లిలో సమాధి చేశారు. మన్మాడ్ నుంచి కూడా జనం వచ్చారని పెద్దవాళ్లు చెప్పుకున్నారు.

నాకు అసంతృప్తి లేదని కాదు. ఇన్నేళ్లుగా మా జిల్లాలో వైద్యానికీ, ఇళ్లకూ, చెవిటి, గుడ్డి పిల్లల బడులకూ ఒకే సంస్థ వైపు చూడటం అలవాటైపోయింది. ప్రభుత్వం చేయాల్సింది ఆర్డీటీ చేస్తుందిలే అని నాయకులూ ఊరుకున్నారు. డబ్బు ఎక్కువ భాగం బయటి దేశం నుంచి వస్తుంది కాబట్టి, 2025లో విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ కాలేదనగానే ఇక్కడ అందరికీ టెన్షన్ పట్టుకుంది. పార్టీలు పక్కన పెట్టి జనం రోడ్డెక్కారు. మా అమ్మ కూడా పోయింది. మతమార్పిడి గురించి అడగాలంటే అట్లాంటి ర్యాలీలో నడిచినవాళ్లను అడగండి, ఎక్కువమంది నుదుట బొట్టుంటుంది.