రిఫరర్‌లో డొమైన్ మాత్రమే వస్తోంది, పేజీ పాత్ రావట్లేదు: సమాధానం

మీ ఒక సైట్‌లోని లింక్ నొక్కి మీ రెండో సైట్‌కి వచ్చినప్పుడు, రిఫరర్‌లో (ఏ పేజీ నుంచి వచ్చారో బ్రౌజర్ చెప్పే అడ్రస్) డొమైన్ మాత్రమే కనిపిస్తోందని, పాత్ (అడ్రస్‌లో డొమైన్ తర్వాతి భాగం) రావట్లేదని అడిగారు. మీ జావాస్క్రిప్ట్‌లో తప్పు లేదు. పాత్‌ని కత్తిరిస్తున్నది బ్రౌజర్. క్రోమ్ 85 (2020), ఫైర్‌ఫాక్స్ 87 (2021) నుంచి వేరే సైట్‌కి వెళ్లే రిక్వెస్ట్‌లో డొమైన్ వరకే పంపడం డిఫాల్ట్ అయింది.

రిఫరర్‌లో ఎంత పంపాలో బ్రౌజర్‌కి చెప్పే రిఫరర్ పాలసీ హెడర్ పెట్టినా మారలేదన్నారు. మీరు దాన్ని లింక్ తెరుచుకునే సైట్‌లో పెట్టారు. చాలామంది తడబడేది ఇక్కడే. ఎంత పంపాలో నిర్ణయించేది పంపే పేజీ, అందుకునే పేజీ కాదు. రెండు సైట్లూ మీవే కాబట్టి పని తేలికే.

1. లింక్ ఉన్న పేజీలో, ఆ ఒక్క లింక్‌కే రిఫరర్ పాలసీ ఆట్రిబ్యూట్‌ని ‘నో-రిఫరర్-వెన్-డౌన్‌గ్రేడ్’ (https నుంచి http కి వెళ్తే తప్ప పూర్తి అడ్రస్ పంపమని) అని ఇవ్వండి. సైట్ మొత్తానికి దయచేసి పెట్టకండి. అడ్రస్‌లో పాస్‌వర్డ్ రీసెట్ టోకెన్ లాంటివి ఉంటే అవీ బయటికి పోతాయి.

2. అదే లింక్‌ rel ఆట్రిబ్యూట్‌లో ‘నోరిఫరర్’ (రిఫరర్ అసలు పంపవద్దని) ఉంటే తీసేయండి. ‘నోఓపెనర్’ ఉండనివ్వండి, దానికి రిఫరర్‌తో సంబంధం లేదు.

3. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో, రిక్వెస్ట్‌తో వెళ్లే రిఫరర్ హెడర్ చూడండి. దాని స్పెల్లింగ్‌లో (Referer) మధ్యలో ఒక్క ‘ఆర్’ మాత్రమే ఉంటుంది, మొదట్లో జరిగిన పొరపాటు అలాగే నిలిచిపోయింది. సర్వర్ కోడ్‌లో అక్కడ రెండు ‘ఆర్’లతో చదివితే ఖాళీ రావచ్చు. పాలసీ పేరులో (Referrer-Policy) మాత్రం రెండూ ఉండాలి.

సఫారీలో ఇంత చేసినా పాత్ రాకపోవచ్చు. మొబైల్ యాప్ నుంచి వచ్చే క్లిక్‌లకైతే రిఫరర్ చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. లెక్క పక్కాగా కావాలంటే లింక్ చివర మీ సొంత పారామీటర్ ఒకటి చేర్చి, దాన్నే చదవండి.