ల్యాబ్‌లో రన్ అయిన ప్రోగ్రాం ఇంటర్వ్యూలో ఎందుకు రాయలేకపోయా? ఈసీఈ అమ్మాయికి జవాబు

కావలి దగ్గర ఊరి నుంచి ఒకమ్మాయి రాసింది. ఈసీఈ మూడో సంవత్సరం, వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులు. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో మాట్‌ల్యాబ్ (లెక్కలకీ సిగ్నల్స్‌కీ ఇంజినీర్లు వాడే సాఫ్ట్‌వేర్) వచ్చా అంటే వచ్చని చెప్పిందంట, అయితే సిగ్నల్లోంచి 50 హెర్ట్జ్ నాయిస్ తీసేసే ఫంక్షన్ సొంతంగా రాయమన్నారంట, చెయ్యి ఆడలేదంట. ఇప్పుడు ఫీజు కట్టి మాట్‌ల్యాబ్ కోర్సులో చేరాలా, లేకపోతే కోర్ (సొంత బ్రాంచి ఉద్యోగాలు) వదిలేసి అందరిలాగా జావా వైపు పోవాలా అని అడుగుతోంది.

చూడు తల్లీ, ముందు ఆ దిగులు తీసెయ్. మన కాలేజీల్లో ల్యాబ్ ఎట్టా జరుగుద్దో నాకు తెలుసు, సీనియర్ల రికార్డు చూసి పది పన్నెండు లైన్లు టైప్ చేస్తారు, గ్రాఫ్ వస్తే సంతకం, అయిపోయింది. అదంతా స్క్రిప్టు. స్క్రిప్టుకీ ఫంక్షన్‌కీ తేడా ఏందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, నువ్వు ఆగిపోయింది అక్కడే.

స్క్రిప్టులో నువ్వు పొద్దున పెట్టిన వేరియబుల్ సాయంత్రం దాకా వర్క్‌స్పేస్‌లో (సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకునే చోటు) అట్టనే ఉంటాది, ఒక లైన్ మర్చిపోయినా ఆ పాత విలువే తీసుకుని జవాబు ఇచ్చేస్తాది, నువ్వేమో కరెక్టే అనుకుంటావు. ఫంక్షన్‌కి అట్టా కుదరదు, దాని గది దానిదే, నువ్వు చేతికిచ్చిందే లోపలికి పోద్ది, నువ్వు అడిగిందే బయటికి వస్తాది. ఏది ఇన్‌పుట్టు, ఏది అవుట్‌పుట్టు అని విడదీసి ఆలోచించగలవా లేదా అనేది నువ్వు రాసే మొదటి లైన్లోనే తెలిసిపోద్ది, వాళ్లు ఫంక్షనే రాయమని అడిగేది అందుకే.

మీ చెరువు గట్టు మీదే ఉదాహరణ పెట్టుకుందాం. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్ ఉందనుకో, పక్కనే ఏరేటర్ మోటార్లు, వాటి కరెంటు 50 హెర్ట్జ్, ఆ నాయిస్ సెన్సార్ వైర్లోకి ఎక్కుద్ది. ఆక్సిజన్ నిదానంగా మారేది. కరెంటు మాత్రం 20 మిల్లీసెకన్లకి ఒకసారి పైకీ కిందకీ పోయి మళ్లీ మొదటికొస్తాది. కాబట్టి సరిగ్గా 20 మిల్లీసెకన్ల శాంపిల్స్ (వరసగా కొలిచిన విలువలు) తీసుకుని సగటు వేస్తే పైనున్న సగానికీ కిందున్న సగానికీ చెల్లు, ఆక్సిజన్ రీడింగ్ మిగులుద్ది. సెకనుకి 1000 శాంపిల్స్ తీస్తుంటే, కొత్త శాంపిల్ వచ్చినప్పుడల్లా దాంతో కలిపి చివరి 20 శాంపిల్స్ సగటన్నమాట, నిన్ను అడిగిన దానికి జవాబు ఇంతే.

ఇప్పుడు రాయి. ఫంక్షన్ అనే పదం, తర్వాత అవుట్‌పుట్ పేరు, ఈక్వల్ టు, ఫంక్షన్ పేరు, బ్రాకెట్లో ఇన్‌పుట్లు. చాలామంది సిగ్నల్ ఒక్కటే ఇన్‌పుట్‌గా ఇచ్చి 20 అనే అంకెని లోపల రాసేస్తారు, శాంపిలింగ్ రేటు (సెకనుకి ఎన్ని శాంపిల్స్ అనేది) మారిన రోజు అది పనికిరాదు. రేటు కూడా ఇన్‌పుట్‌గానే రావాలి, దాన్ని 50తో భాగించి ఎన్ని శాంపిల్సో ఫంక్షనే లెక్కేసుకోవాలి. 8000 అయితే 160, 44100 అయితే 882. (మాటలకో పాటకో ఇది వాడబాక, సగటు వేస్తే గొంతులో పై ఫ్రీక్వెన్సీలు కూడా పోతాయి, అక్కడ ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే తీసేసే నాచ్ ఫిల్టర్ కావాలి.)

ఫైలు పేరూ ఫంక్షన్ పేరూ ఒకటే పెట్టు. ఫిల్టర్ అనో మీన్ అనో మాత్రం పెట్టబాక, సాఫ్ట్‌వేర్లో ముందే ఆ పేరుతో ఉన్న ఫంక్షన్‌కి నీది అడ్డం పడుద్ది, తర్వాత ఎక్కడెక్కడో ఎర్రర్లు వస్తాయి. సిగ్నల్ అడ్డం వరసలో వచ్చినా నిలువు వరసలో వచ్చినా పనిచేసేట్టు మొదట్లోనే నిలువు చేసేసుకో.

రాసినాక టెస్ట్ చెయ్యి, ఇది నేను గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే నేను చూసిన పిల్లల్లో ఈ పని చేసేవాళ్లు తక్కువ. 1000 రేటు మీద ముందు ఒక 1, వెనక అన్నీ సున్నాలు పంపు, 0.05 సరిగ్గా ఇరవై సార్లు రావాలి, ఇరవై ఒకటోది సున్నా. తర్వాత 50 హెర్ట్జ్ సైన్ వేవ్ పంపు, మొదటి 19 శాంపిల్స్ ఇంకా సర్దుకుంటా ఉంటాది, ఆ తర్వాత సున్నాయే. 10 హెర్ట్జ్ పంపితే దాదాపు 94 శాతం మిగలాలి, 9.5 మిల్లీసెకన్లు ఆలస్యంగా. ఈ మూడూ ఇంటర్వ్యూలో నోటితో చెప్పినా చాలు, నువ్వు సొంతంగా రాసినట్టు వాళ్లకి అర్థమైపోద్ది.

కోర్సుకి డబ్బులు కట్టబాక. ఆక్టేవ్ అని మాట్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, ఇట్టాంటి ఫంక్షన్లు మాట్‌ల్యాబ్‌లో రాసినట్టే రాయొచ్చు. సైల్యాబ్ అనే ఇంకోటి కూడా ఉచితమే, చదువుల్లో ఉచిత సాఫ్ట్‌వేర్ల వాడకం పెంచే ఐఐటీ బాంబే వాళ్ల ఫాసీ ప్రాజెక్టు నుంచి దానికి బోలెడు మెటీరియల్ ఉంది. కాకపోతే సైల్యాబ్‌లో ఒక మెలిక, ఫంక్షన్ లోపల లేని వేరియబుల్ కోసం అది బయట పిలిచిన చోట కూడా వెతుకుద్ది, అంటే నేను పైన చెప్పిన స్క్రిప్టు జబ్బు అక్కడ ఫంక్షన్‌కీ అంటుకోవచ్చు. నేర్చుకునేదానికి ఆక్టేవ్‌తో మొదలుపెట్టు.

జావా సంగతంటావా, ఇష్టమైతే పో, ఒక ఇంటర్వ్యూ పోయిందని మాత్రం పోబాక. శ్రీహరికోట మనకి ఎంత దూరం, తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని గమనించే 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది, రాకెట్ నుంచి వచ్చే డేటా అయినా రాడార్ ఎకో అయినా చివరికి ఇదే పని. గేట్ ఈసీ పేపర్లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఎట్టాగూ ఉంది, నువ్వు ఇప్పుడు పడే కష్టం అక్కడికీ పనికొస్తాది.

సగటు ఫంక్షన్ అయినాక ఇంకోటి రాయి. సిగ్నల్‌కి ఎఫ్ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) వేసి అందులో ఏ ఫ్రీక్వెన్సీ బలంగా ఉందో హెర్ట్జ్‌లో చెప్పేది. ఇండెక్స్ 1 నుంచి మొదలవుద్ది కానీ మొదటిది సున్నా హెర్ట్జ్, అందుకని ఇండెక్స్‌లోంచి ఒకటి తీసేసి, శాంపిలింగ్ రేటుతో గుణించి, మొత్తం శాంపిల్స్‌తో భాగించాలి, ఆ ఒకటి దగ్గరే అందరూ తప్పుతారు. అది పనిచేసినాక మీ నాన్నతో చెరువు దగ్గరికి పోయి ఏరేటర్ శబ్దం ఫోన్లో పది సెకన్లు రికార్డు చేసి దాని మీద నడుపు. గ్రాఫ్, ఫంక్షన్ రెండూ నాకు పంపించు, చూసి చెప్తా.