మీరూ కూర్చోండమ్మా

(ఇటలీలోని బొలోన్యా నగరంలో ఒక రెస్టారెంటు వంటశాలలో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు కడపలో సొంతంగా భోజన హోటల్ నడుపుతున్న మా శీర్షిక రచయిత, ఈ నెల వచ్చిన ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: మా అబ్బాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడితో పనిచేసే బెర్గామో ఊరాయన, ఆయన భార్య సంక్రాంతికి మా ఇంటికి వస్తున్నారు. "అన్నీ ఒకేసారి వడ్డించొద్దమ్మా, కొసరి కొసరి పెట్టొద్దు, కారం తగ్గించు" అని మావాడు ఫోన్లో ఒకటే పోరు. ఇంటికొచ్చినవాళ్లకు కొసరి పెట్టకపోతే ఎట్లా? ఏం వండాలో, ఎట్లా పెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: వంట సంగతి ముందు తేల్చేద్దాం. రాగి సంగటి, నాటుకోడి పులుసు చేయండి. బెర్గామో అంటే పొలెంటా తినే గడ్డ. మరిగే నీళ్లలో మొక్కజొన్న రవ్వ పోసి, రాగి పాత్రలో కట్టె తెడ్డుతో ముప్పావు గంట సేపు చేతులు పడిపోయేలా గెలుకుతారు. ముద్దయ్యాక చెక్కపలక మీద కుమ్మరించి, మాంసం కూరతో తింటారు. దక్షిణ ఇటలీవాళ్లు ఉత్తరాదివాళ్లను 'పొలెంటా గాళ్లు' అని వెక్కిరిస్తారు కూడా. ఆయనకు మీ సంగటి రంగు కొత్త కావచ్చు, సంగటి మాత్రం కొత్త కాదు. మర్యాద కోసమని గోబీ మంచూరియా, నూడుల్స్ చేసేరు, దయచేసి వద్దు.

కారం విషయంలో మీవాడు చెప్పింది నిజమే. ఇటలీలో మిరపకాయ తినేది కింద కలాబ్రియావాళ్లు. పైన ఆల్ప్స్ దగ్గర ఉండేవాళ్లకు నల్లమిరియాలు చాలు. పులుసులో కారం సగం చేసి, ఎర్రకారం, ఊరుబిండి వేరే గిన్నెల్లో పెట్టండి. ఎంత కావాలో వాళ్లే వేసుకుంటారు.

ఇక వడ్డన. మన విస్తట్లో పప్పు, కూర, పచ్చడి, ఓళిగ, వడ అన్నీ ఒక్కసారే దిగుతాయి. ఏది దేంతో కలుపుకోవాలో తినేవాడి ఇష్టం. వాళ్లకు అట్లా కుదరదు. మొదట పాస్తానో, సూపో, అన్నంతో చేసే రిసొట్టోనో ఒక్కటే వస్తుంది. అది తిన్నాక ప్లేటు తీసేసి మాంసమో చేపో, దాని పక్కన కూరగాయలు. ఆ తర్వాత పండు, తీపి. చివర్లో చిన్న గ్లాసంత చిక్కటి కాఫీ. పండగ పూట వీటన్నింటికీ ముందు నంజుకునే చిరువంటకాలు కూడా ఉంటాయి. ఇంకా ఎన్ని రావాలో లెక్క వేసుకుని కడుపులో చోటు ఉంచుకునే మనుషులు కాబట్టి, వడ్డించే ముందే "ఇదిగో ఇవీ ఉన్నాయి" అని మొత్తం చెప్పేయండి. చెప్పకపోతే సంగటితోనే కడుపు నింపుకుని ఓళిగ చూసి దిగులు పడతారు.

కొసరి పెట్టడం గురించి బెంగపడకండి. అక్కడి అమ్మమ్మలు మనకన్నా ఘనులు. రెండోసారి వద్దంటే "బాగాలేదా?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. ఒకసారి అడగండి, రెండోసారీ అడగండి. మూడోసారి మాత్రం ఆగండి.

చాదస్తంలోనూ వాళ్లు తక్కువేం కాదు. నేను పనిచేసిన బొలోన్యాలో టాలియాటెల్లె అనే పాస్తా చేస్తారు, గుడ్లు వేసి కలిపిన పిండిని పల్చగా ఒత్తి పట్టీలుగా కోస్తారు. ఉడికాక ఆ పట్టీ 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలని 1972లో ఊరి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో నమోదు చేయించి, కొలత కోసం బంగారంతో చేసిన పట్టీ ఒకటి అక్కడ భద్రపరిచారు. చేప వేసిన పాస్తా మీద చీజ్ చల్లమని అడిగితే వంటవాడు బయటికొచ్చి మొహం చూసి పోతాడు. కాబట్టి మీ ఇంట్లో "సంగటి నమలకూడదు, మింగాలి" అని చెప్తే వాళ్లు నొచ్చుకోరు. శ్రద్ధగా నేర్చుకుంటారు. చేత్తో తినడానికీ ఇబ్బంది పడరు. ఇళ్లలో ప్లేటులో మిగిలిన గుజ్జును రొట్టెముక్కతో తుడిచి తినేదాకా వాళ్లకూ తృప్తి ఉండదు.

ఇప్పుడు మీరు అడగని విషయం. మన ఇళ్లలో మగవాళ్లకూ చుట్టాలకూ పెట్టి, ఆడవాళ్లు గరిటె పట్టుకుని నిలబడి, అందరూ లేచాక ఆఖర్న తింటారు. ఇటలీవాళ్ల దగ్గర ఇది అస్సలు నడవదు. వండినమ్మ కూర్చునేదాకా చెంచా ఎత్తని ఇళ్లు నేను చాలా చూశాను. తింటూ తిండి గురించే మాట్లాడుకుంటారు. ఈ కోడి ఎక్కడిది, మీ అమ్మ ఎట్లా చేసేది, పోయిన పండక్కి ఏం చేశారు, అదే ముచ్చట. మీరు గుమ్మం దగ్గర నిలబడి గమనిస్తుంటే ఇంటికొచ్చిన ఆవిడకు ముద్ద దిగదు. గిన్నెలన్నీ బల్ల మీద పెట్టేసి మీరూ కూర్చోండి. కొత్తగా, మొహమాటంగా ఉంటుంది. మీ ఆయనకైతే ఇంకా కొత్తగా ఉంటుంది. నీళ్లు కావాలంటే ఆయన్ని లేవనివ్వండి.

ప్రశ్న: టూరులో ఫ్లోరెన్స్ వెళ్లాం. మధ్యాహ్నం భోజనం అయ్యాక కాపుచినో అడిగితే సర్వర్ నవ్వాడు. బిల్లులో 'కొపెర్తో' అని తలకింత వేశారు. మమ్మల్ని మోసం చేశారా?
– ఒక బట్టల వ్యాపారి, కర్నూలు

జవాబు: మోసం కాదన్నా. కొపెర్తో అంటే బల్ల మీద గుడ్డ, రొట్టె, ప్లేట్ల కింద మనిషికి కొంత అని తీసుకునేది. మెనూలోనే అచ్చేసి ఉంటుంది, మనమే చూడం. దానికి బదులుగా, అమెరికాలోలాగా టిప్పు తప్పనిసరి కాదు. కాపుచినో వాళ్లకు పొద్దున టిఫిన్‌తో తాగేది. కడుపునిండా తిన్నాక అన్ని పాలు తాగితే అరగవని వాళ్ల నమ్మకం. మజ్జిగన్నం తిన్నాక మళ్లీ పప్పు అడిగితే మనం ఎట్లా చూస్తామో అట్లా చూశాడు, అంతే. ఈసారి వెళ్తే కౌంటరు దగ్గర నిలబడి తాగండి. చాలాచోట్ల కూర్చుని తాగితే రేటు ఎక్కువ.

ప్రశ్న: చదువు కోసం ఉత్తర ఇటలీలోని పాదువా వెళ్తున్నాను. మాది పూర్తి శాకాహారం, గుడ్డు కూడా తినం. రోజూ పొలెంటా, చీజ్ తిని బతికేయొచ్చా?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: రెండింటికీ జాగ్రత్తలున్నాయి బాబూ. పార్మిజానో, గ్రానా పదానో లాంటి గట్టి చీజ్‌ల కోసం పాలు విరగ్గొట్టేది దూడ కడుపు నుంచి తీసిన పదార్థంతో. మీ ఇంట్లో తెలిస్తే గొడవవుతుంది. ప్యాకెట్ మీద 'కాల్యో వెజెటాలె' (దూడది కాకుండా మొక్కల పదార్థంతో విరగ్గొట్టింది అని) ఉంటే కొనుక్కో. రిసొట్టోను చాలాచోట్ల మాంసం రసంతోనే వండుతారు, మిలాన్ పద్ధతిలో అయితే ఎముకల మూలుగ కూడా వేస్తారు. అడిగి తిను. ప్యాకెట్లో దొరికే ఎండు పాస్తా ఎక్కువగా గోధుమరవ్వ, నీళ్లే. తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది. పిజ్జాల్లో 'మరినారా' అడుగు. టమోటా, వెల్లుల్లి, నూనె, వాము ఆకు లాంటి ఘాటైన ఆకు, అంతే. చీజే ఉండదు.

పొలెంటా ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. 18, 19 శతాబ్దాల్లో నువ్వు వెళ్లే ప్రాంతంలోనే పేద కూలీలు పూటపూటా అదే తిని పెల్లాగ్రా జబ్బుతో ఒళ్లు పగిలి, మతి చెడి చనిపోయారు. మొక్కజొన్నలోని నయాసిన్ విటమిన్ మన ఒంటికి సరిగా అందదు. మెక్సికోవాళ్లు గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి ఆ ఇబ్బంది దాటారు. ఐరోపావాళ్లు పంట తెచ్చుకున్నారు గానీ ఆ కిటుకు తెచ్చుకోలేదు. మన దక్కనులోనూ జొన్నే ముఖ్యంగా తినే పేదల్లో ఈ జబ్బును హైదరాబాదు పరిశోధకులు డాక్టర్ సి. గోపాలన్, సహచరులు 1960ల్లో అధ్యయనం చేశారు. భయపడకు, వాళ్లకు పక్కన ఏమీ లేక వచ్చిన జబ్బు అది. నువ్వు పప్పు, పాలు కలుపుకుంటే చాలు. సూపర్ మార్కెట్లో పెద్ద శనగలు, రకరకాల చిక్కుడు గింజలు డబ్బాల్లో దొరుకుతాయి. దక్షిణాన పులియావాళ్లు ఎండు చిక్కుడు పప్పు మెదిపి ఆకుకూరతో తింటారు, మన ఆకుకూర పప్పుకు దగ్గరి చుట్టం. చిన్న కుక్కరు, ఇంగువ, ఊరుబిండికి వేయించిన శెనక్కాయ గింజలు తీసుకెళ్లు. బియ్యం మోసుకెళ్లొద్దు, ఐరోపా యూనియన్‌లో అందరికన్నా ఎక్కువ పండించేది ఇటలీనే.