మీరు అడిగారు: ఈ వారం నా మీదే పడ్డారు

ఎప్పుడూ కుట్లు, వంటల గురించి అడిగేవాళ్లు ఈసారి నా గురించి అడిగారు. సరే, కానివ్వండి.

మీ ఊరు, ఇష్టాయిష్టాలు రెండు ముక్కల్లో చెబుతారా?
– ఒక పాఠకురాలు, తణుకు

నరసాపురం. కొత్త ఆవకాయ, చిక్కటి కాఫీ, రేడియోలో పాత పాటలు ఇష్టం. పెళ్లిలో కంచం చేత్తో పట్టుకుని నిలబడి తినడం అస్సలు ఇష్టం లేదు.

మీ హాబీ లేసు అల్లడం అని ఒకసారి రాశారు. అంత తీరిక ఎక్కడిదండీ?
– ఒక గృహిణి, పాలకొల్లు

మా వీధిలో లేసుని హాబీ అంటే నవ్వుతారండీ. ఎప్పుడో మిషనరీలు నేర్పిన ఈ పనిని ఇప్పటికీ అరుగుల మీద కూర్చుని కూలికి అల్లేవాళ్లే ఎక్కువ. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. సంతోషమే, కూలి కూడా పెరిగితే ఇంకా సంతోషం. నాకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది కాబట్టి సరదాకి అల్లుకుంటున్నాను, అంతే తేడా. రాత్రి మావారు వార్తలు చూస్తుంటే నేను సూది పట్టుకుంటాను. దారం ఎడమ చూపుడువేలికి చుట్టుకుని లాగుతూ ఉంటాం కదా, అక్కడ చిన్న గాడి పడుతుంది. చెయ్యి చెమట పడితే తెల్లదారం మాసిపోతుంది, అందుకే మధ్యమధ్యలో లేచి చేతులు కడుక్కుంటాను. ఆవకాయ పెట్టే రోజుల్లో మాత్రం సూది ముట్టను. ఆ పసుపూ కారమూ దారానికి అంటితే ఎంత ఉతికినా వదలదు.

గోదావరి వాళ్లు కదా, పులస అంటే ప్రాణమేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

తిట్టుకోకండి, నాకు అంత ఇష్టం లేదు. సముద్రంలో ఇలసగా ఉన్న చేప, వరదకి ఎర్రనీరు వచ్చాక గోదారిలోకి ఎదురీదితే పులస అవుతుంది. బెండకాయలు వేసి పులుసు పెట్టి మర్నాడు తింటే రుచి అని మా అత్తగారు మురిసిపోతారు. నాకేమో ఆ ముళ్లతో టెన్షన్. చింతచిగురు వేసి చిన్నరొయ్యలు వండండి, కంచం ఖాళీ చేసి చూపిస్తాను.

ఆదివారం ఎలా గడుపుతారు?
– ఒక ఉద్యోగిని, భీమవరం

పని లేకపోయినా మాధవాయిపాలెం రేవుకి వెళ్లి, గోదారి దాటించే పంటు ఎక్కుతాను. బైకులు, పాల క్యాన్లు, కూరల మూటలు, అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వెళ్లేవాళ్లు, అందరం కలిసి అవతల సఖినేటిపల్లిలో దిగుతాం. టీ తాగి మళ్లీ అదే పంటు మీద తిరిగొస్తాను. మావారికి ఇందులో ఏముందో ఇప్పటికీ అర్థం కాలేదు.

ఉద్యోగం ఇంటర్వ్యూలో హాబీలు అడుగుతారట. సినిమాలు చూడటం, సెలవుల్లో నాన్నతో కొబ్బరి దింపుకి వెళ్లడం తప్ప నాకేమీ లేవు. ఏం చెప్పను?
– డిగ్రీ విద్యార్థి, అంబాజీపేట

పుస్తకాలు చదువుతానని మాత్రం చెప్పకు బాబూ, ఏం చదివావని అడిగితే దొరికిపోతావు. దింపు గురించే చెప్పు. చెట్టెక్కేవాళ్లు దొరక్క ఎంత తిప్పలో, ఒలుపుకి ఎవరిని పిలుస్తారో, కురిడీకి, అదే లోపలే ఎండే కొబ్బరికి, ఏ కాయ అటక మీద పెడతారో అడిగితే తడుముకోకుండా చెప్పగలవు కదా! సినిమాలు కూడా చెప్పు, అబద్ధం కాదుగా. అన్నట్టు, కురిడీలు ఈసారి ఎంత పలికాయో నాకూ రాయి, మా ఇంట్లో శుభకార్యం ఉంది.