ఇల్లు కొల్లూరులో, పని జూబ్లీహిల్స్‌లో

ప్రశ్న: మాది బోరబండ దగ్గర బస్తీ. అమ్మ జూబ్లీహిల్స్‌లో నాలుగిళ్లలో పనిచేస్తుంది, పొద్దున ఆరింటికల్లా మొదటి ఇంట్లో గిన్నెలు తోమాలి. మాకు నగరం అవతల కొల్లూరులో ప్రభుత్వ డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. వెళ్తే అమ్మ పని పోతుందని టెన్షన్. అద్దెకిచ్చి ఇక్కడే ఉండొచ్చా? అసలు అంత దూరంలో ఎందుకు కట్టారు?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అద్దెకి మాత్రం ఇవ్వొద్దమ్మా. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్న షరతు మీదే ఈ ఇళ్లు ఇచ్చారు. తనిఖీకి వచ్చినప్పుడు వేరేవాళ్లు కనిపిస్తే కేటాయింపే రద్దు కావచ్చు.

మీ అమ్మగారి భయం నిజమైనదే. మహాలక్ష్మి పథకం పుణ్యమా అని ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే, కానీ ఆరింటికి జూబ్లీహిల్స్‌లో ఉండాలంటే ఆవిడ నాలుగింటికే లేవాలి, నాలుగిళ్లూ ముగించుకుని మళ్లీ అంత దూరం నిలబడి రావాలి, ఈలోపు లిఫ్ట్ ఆగిపోయిందంటే కూరగాయల సంచీతో మెట్లే గతి. అందుకే సామాన్లు సర్దే ముందు కొల్లూరుకి దగ్గర్లోని తెల్లాపూర్, నల్లగండ్ల వైపు అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్లను కలిసి పని ఉందేమో అడగండి. అక్కడ రెండిళ్లు కుదిరాక ఇక్కడివి ఒక్కొక్కటే మానుకోవచ్చు.

ఇక దూరం సంగతి. 15,660 ఇళ్లు ఒక్కచోట కట్టేంత ప్రభుత్వ భూమి కొల్లూరులో దొరికింది, కట్టారు. 560 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇవ్వడం చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఇదే పథకం కింద సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు కూల్చి అక్కడే 396 కొత్తవి కట్టి 2015లో ఇచ్చారు, అలా కడితే పని పోతుందన్న భయం ఉండదు, పిల్లల బడీ మార్చనక్కర్లేదు. అన్ని బస్తీల్లో ఎందుకు చెయ్యలేదన్నదే నా బాధ. కొల్లూరు కాలనీ ప్రారంభమైంది 2023 జూన్‌లో. ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వ భూమిని వేలం వేస్తే ఒక ప్లాటులో ఎకరం 100 కోట్లు దాటింది. అలా అమ్మే ప్రతి లేఅవుట్‌లో కొంత భూమి పేదల ఇళ్లకు విడిగా ఉంచాలి, అక్కడ లేచే పెద్ద ఇళ్లలో పనిచేసేది ఈ పేదలేగా!

వెళ్లాక మీ బ్లాకు వాళ్లంతా సంతకాలు చేసి, తెల్లవారుజామున ఐదింటికల్లా బస్సు వేయమని ఆర్టీసీ డిపో మేనేజర్‌కి అర్జీ ఇవ్వండి. ఎన్ని గంటలకి ఎంతమంది ఎక్కుతారో అందులో రాయండి.