సందేహాలు – సమాధానాలు: సహనానికి పై మెట్టు

సందేహం: మా బడి వార్షికోత్సవానికి 'పరమత సహనం' అని బ్యానరు రాయించాం. 'సహనంతోనే ఆగిపోతే ఎలాగండీ?' అన్నారొక తల్లి. ఆ పై మెట్టుకు తెలుగులో మాటేది? అంగీకారమా, ఆమోదమా, ఈమధ్య పత్రికల్లో కనిపిస్తున్న 'స్వీకరణ'నా?
– ఒక ఉపాధ్యాయిని, విజయవాడ

సమాధానం: ఆ తల్లికి నా నమస్కారాలు చెప్పండి. సహ్ ధాతువుకు వేదంలో నెగ్గడమనే అర్థం ఉంది. సాహసం, ఉత్సాహం దాని సంతతే. రానురాను భరించడం దగ్గర స్థిరపడింది. అసహ్యం కూడా ఆ ఇంటి పిల్లే, సహింపరానిదని అర్థం. సహ్యానికీ అసహ్యానికీ నడుమ అడ్డం ఒక్క అకారమే! బెజవాడ ఎండను సహిస్తాం, కాలవగట్టు దోమల్ని సహిస్తాం. పక్కింటి మనిషినీ అదే లెక్కలో వేద్దామా?

రంజానుకు పక్కింటి నుంచి వచ్చిన షీర్ ఖుర్మా గిన్నెను నవ్వుతూ అందుకుని, తలుపేసి, పనిమనిషికి ఇచ్చేసేవాళ్లను మా గుంటూరులోనే ఎరుగుదును. వాళ్లది సహనమే, కాదనను. మా అమ్మ మాత్రం అందరికీ తలా గరిటెడు పోసి, గిన్నె ఖాళీగా పంపకూడదని నాలుగు జంతికలు వేసి పంపేది.

ఇక తిక్కన ఊసెత్తకుండా ఉండలేను. ఆయన తండ్రి కొమ్మన 'గుంటూరి విభుడు', కాబట్టి మాకు కాస్త హక్కుంది. శైవులూ వైష్ణవులూ కత్తులు నూరుకుంటున్న 13వ శతాబ్దిలో విరాటపర్వం మొదటి పద్యంలోనే హరిహరనాథుణ్ణి నిలబెట్టి, భక్తులచేత 'విష్ణురూపాయ నమశ్శివాయ', అంటే విష్ణురూపుడైన శివుడికి నమస్కారం, అనిపించాడు. 'విష్ణవే చ శివాయ చ', అంటే విష్ణువుకూ శివుడికీ, అనిపించలేదు చూడండి. రెండు చకారాలు పడితే ఇద్దరు దేవుళ్లు, రెండు దణ్ణాలు, మధ్యన గోడ. తిక్కన ఒకణ్ణి రెండోవాడికి విశేషణం చేసేశాడు. ఆ పద్యంలోనే 'శ్రీ యన గౌరి నాఁ బరగు చెల్వ' అంటూ లక్ష్మినీ పార్వతినీ ఒక్క ఇల్లాలిని చేశాడు. ఇంత పని చేసి సహనమన్న మాటే ఎత్తలేదు.

మీరడిగిన మాటలకు వస్తాను. ఆమోదమంటే అసలు పరిమళం, సంతోషం. ఇప్పుడది బిల్లుల పాలైంది. అంగీకారమంటే అంగం కానిదాన్ని అంగం చేసుకోవడం, కనుక నా మొగ్గు అటే. పరమతాదరం ఇంకా బాగుంటుంది గాని పిల్లలకు నోరు తిరగదు. నలిగిన మాట గనుక సహనాన్ని తప్పనలేను, బ్యానరు చింపనక్కర్లేదు. స్వీకరణను మాత్రం దరఖాస్తులకు వదిలేయండి.